చెంచాడు పొడిలో ఏ చెట్టు ఉంది?

కడపలో పొద్దున నడకకు వెళ్లేవాళ్ళలో కొంతకాలంగా ఒక అలవాటు పాతుకుపోయింది. ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లలో చెంచాడు దాల్చిన చెక్క పొడి కలుపుకొని తాగడం. షుగర్ తగ్గుతుందని ఒకరు చెప్పారు, పదిమంది మొదలుపెట్టారు. మా ఇంట్లోనూ ఒక డబ్బా ఉంది. అందులో ఉన్నది ఏ చెట్టు బెరడు అన్న ప్రశ్న మాత్రం నాకు ఎన్నడూ తట్టలేదు, మొన్న వై.వి. స్ట్రీట్‌లో మసాలా దినుసుల దుకాణానికి వెళ్లేదాకా.

"సిలోన్ చెక్క ఉందా?" అని అడిగితే దుకాణదారు పై అర నుంచి చిన్న సీసా దించాడు. "దీన్ని అడిగేవాళ్ళు తక్కువన్నా. ధర వినగానే మామూలుదే ఇవ్వమంటారు" అన్నాడు. రెంటినీ పక్కపక్కన కాగితం మీద పెట్టాడు. మామూలుది మందంగా, ముదురు గోధుమ రంగులో, ఎండిన పెంకులా ఒక్క మడతే వంగి ఉంది. విరవబోతే వేళ్ళు నొప్పెట్టాయి. సిలోన్‌ది, అంటే శ్రీలంకది, పొరలు పొరలుగా చుట్టిన పొగాకు చుట్టలా ఉంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే పొడి రాలింది. మొదటిది నాలుకను చురుక్కుమనిపించింది, రెండోది తియ్యగా మొదలై ఆలస్యంగా ఘాటెక్కింది.

దేశంలో 2011 నుంచి అమల్లో ఉన్న ఆహార ప్రమాణాల నిబంధనల్లో ఇవి ఒకటి కాదు. సన్నపొరల సిలోన్ చెక్క 'దాల్చిని', మందం చెక్క 'తాజ్', అంటే కాసియా. దుకాణంలో రెండూ దాల్చిన చెక్కే. ఇందులో ఒక తమాషా ఉంది. దాల్చిని అన్న మాట పారశీకంలోని 'దార్ చీనీ' నుంచి వచ్చింది. దార్ అంటే కర్ర, చీనీ అంటే చైనాది. చైనా చెట్టైన కాసియాకు సరిపడే పేరును చట్టం శ్రీలంక చెట్టుకు ఇచ్చింది. మనం దానికి మళ్లీ 'చెక్క' తగిలించి కర్ర చెక్క చేశాం.

తెలుగులో పాత పేరు ఇంకొకటి ఉంది, లవంగపట్ట. లవంగానికీ ఈ పట్టకూ ఏం సంబంధమని కొట్టిపారేయనక్కరలేదు. సిలోన్ దాల్చిన చెట్టు ఆకును ఆవిరిపట్టి తీసిన సుగంధ తైలంలో ముప్పాతిక వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉండేది యూజినాల్. లవంగ నూనెకు ఆ వాసన ఇచ్చేదీ అదే. అదే చెట్టు బెరడు తైలంలో యూజినాల్ కొద్దిగానే ఉంటుంది, సగానికి పైగా దాల్చిన ఘాటుకు మూలమైన సిన్నమాల్డిహైడ్ ఉంటుంది. వేరు బెరడు తైలానికి వస్తే ప్రధానమైనది కర్పూరం. ఒకే చెట్టు కొమ్మ మీద దాల్చిన, ఆకులో లవంగం, వేరులో హారతి. నాకు ఈ చెట్టు మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

కాసియా తైలంలో ఈ వైవిధ్యం లేదు. సిన్నమాల్డిహైడే 70 నుంచి 90 శాతం దాకా ఆక్రమిస్తుంది. అందుకే ఆ చురుకు. బిర్యానీకి ఘాటే కావాలి కాబట్టి వంటవాళ్ళు దీన్నే ఇష్టపడటంలో తప్పేమీ లేదు. బిర్యానీ ఆకూ ఈ జాతి చెట్టుదే. ఆకును వెలుగుకు పట్టి చూస్తే తొడిమ దగ్గర నుంచి కొన దాకా మూడు పొడవాటి ఈనెలు కనిపిస్తాయి. అసలు కర్పూరం ఇచ్చేదీ ఈ కుటుంబపు చెట్టే, అయితే దేవుని కడప గుడిలో మనం వెలిగించే బిళ్ళ ఎక్కువగా పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారైనది. ఈ కుటుంబంలో మన కొండల్లో పెరిగే నారమామిడికి పరిమళం లేదు, జిగురు ఉంది. దాని బెరడు పొడి అగరుబత్తీల తయారీకి పోతుంది.

ఇక కాసియా మన కాగితం పొట్లంలోకి ఎలా వచ్చిందో చూద్దాం. 1505లో పోర్చుగీసువారు సిలోన్ చేరారు. 1658 నాటికి డచ్చివారు వాళ్ళను వెళ్లగొట్టి దాల్చిన వ్యాపారాన్ని తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. అడవి చెట్లతో చాలక 1760ల్లో తోటలు వేశారు. 1796లో తీరం ఆంగ్లేయుల చేతికి వచ్చింది, 1833లో గుత్తాధిపత్యం రద్దయింది. కానీ ఎగుమతి సుంకం భారంగానే ఉండటంతో చైనా నుంచి చవకగా వచ్చే కాసియా సందు చూసుకుంది. తరవాత ఇండోనేషియా, వియత్నాం చెక్క కూడా తోడైంది. ధరదే పైచేయి అయింది. సిలోన్ చెక్కను విడవకుండా కొంటున్నది ముఖ్యంగా మెక్సికో.

వంటింటి దినుసు మందు అయింది మాత్రం నిన్నమొన్నే. 2003లో పాకిస్తాన్‌లో 60 మంది మధుమేహ రోగుల మీద జరిగిన పరిశోధన ఒక వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి రోజుకు 1, 3, 6 గ్రాముల చొప్పున 40 రోజులు పొడి ఇచ్చారు, పరగడుపు చక్కెర తగ్గిందన్నారు. తరవాతి పరిశోధనల్లో కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. ఆ సంగతి మన దాకా రాలేదు, మొదటి వార్త ఒక్కటే వచ్చింది. వాళ్ళు వాడినదీ కాసియానే.

చిక్కు సిన్నమాల్డిహైడ్‌తో కాదు, కౌమారిన్‌తో. 1820లో టోంకా అనే దక్షిణ అమెరికా చెట్టు గింజల నుంచి వేరుచేసిన ఈ పదార్థం ఎండుగడ్డిలా కమ్మగా వాసన వేస్తుంది. కాసియాలో కిలోకు గ్రాముల లెక్కన ఉంటుంది, సిలోన్ చెక్కలో లేశమాత్రం. ఎక్కువైతే కొందరిలో కాలేయం దెబ్బతింటుంది. దీన్ని ఆహారంలో కలపడాన్ని అమెరికా 1954లోనే నిషేధించింది. 2006లో జర్మనీ ఆహార భద్రతా సంస్థ క్రిస్మస్ బిస్కెట్ల గురించి హెచ్చరించాక యూరప్‌లో పెద్ద గొడవే జరిగింది. కౌమారిన్ రక్తాన్ని పలచన చేస్తుందని కొందరంటారు. అది పొరపాటు. ఆ గుణం కుళ్లిన పశుగ్రాసంలో కౌమారిన్ మారి ఏర్పడే డైకౌమరాల్‌ది. అయినా రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ఈ పొడి జోలికి పోకపోవడం మంచిది.

యూరప్ నిపుణులు పెట్టిన హద్దు శరీర బరువు కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. అరవై కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. చెంచాడు కాసియా పొడి రెండు, మూడు గ్రాములు తూగుతుంది. గ్రాముకు 3 మిల్లీగ్రాములు అనుకుంటే 6 నుంచి 9. అంటే ఒక్క చెంచాతోనే హద్దు చేరినట్టు. అప్పుడప్పుడూ దాటితే ప్రమాదమేమీ లేదు, అది జీవితాంతం రోజూ తీసుకునేదానికి గీసిన గీత. నెలకు రెండుసార్లు తినే బిర్యానీలోని చెక్క ముక్కకు ఈ లెక్క అక్కరలేదు. రోజూ తాగే గ్లాసుకు మాత్రం కావాలి.

చెక్కగా ఉన్నప్పుడు కన్ను చాలు, పొరలు లెక్కపెడితే తెలిసిపోతుంది. పొడి అయ్యాక ప్రయోగశాలే చెప్పాలి. అక్కడ చూసేది రెండు పదార్థాలను. యూజినాల్ కనిపించి కౌమారిన్ దాదాపు లేకపోతే సిలోన్, కౌమారిన్ దండిగా ఉండి యూజినాల్ లేనట్టే ఉంటే కాసియా. దుకాణం నుంచి వచ్చాక మా డబ్బా తిప్పి చూశాను. ఒక పక్క ధర, ఒక పక్క తయారీ తేదీ, మధ్యలో పెద్ద అక్షరాలతో దాల్చిన చెక్క పొడి.