కెమీ బేడెనాక్‌కు కలిసొచ్చిన పుట్టినరోజు

బ్రిటన్‌లో వర్క్ వీసా మీద పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఐఎల్ఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అయిదేళ్లు ఉద్యోగం చేస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చన్న లెక్కతోనే చాలామంది విమానం ఎక్కారు. 2025 ఫిబ్రవరిలో ప్రతిపక్ష కన్సర్వేటివ్ పార్టీ ఆ అయిదేళ్లను పదేళ్లు చేయాలంది. ఐఎల్ఆర్ వచ్చాక పౌరసత్వానికి ఏడాది కాదు, మరో అయిదేళ్లు ఆగాలంది. ఆ ప్రతిపాదన తెచ్చిన పార్టీ నేత కెమీ బేడెనాక్ నైజీరియాలో పెరిగిన మనిషి. ఆమెకు బ్రిటిష్ పౌరసత్వం ఒక్కరోజు కూడా ఎదురుచూడకుండా వచ్చింది.

1980 జనవరి 2న లండన్‌లోని వింబుల్డన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె పుట్టారు. తల్లిదండ్రులు నైజీరియాలోని యొరుబా తెగవాళ్లు. తండ్రి డాక్టరు, తల్లి ఫిజియాలజీ ప్రొఫెసర్. తల్లి వైద్యం కోసం లండన్ వచ్చి, కాన్పయ్యాక బిడ్డతో వెనక్కి వెళ్లిపోయారు. అప్పట్లో బ్రిటన్ గడ్డ మీద పుడితే చాలు, పౌరులైపోయేవారు. థాచర్ ప్రభుత్వం 1981లో చేసిన చట్టం 1983 జనవరి 1న అమల్లోకి వచ్చి ఆ దారి మూసేసింది. అప్పటి నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులో, స్థిరనివాసులో అయి ఉండాలి. మూడేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే కెమీకి ఆ పాస్‌పోర్టు దక్కేది కాదు. మన దేశంలోనూ 1987 జూలై 1కి ముందు పుట్టినవాళ్లకు ఇలాంటి వెసులుబాటే ఉండేది లెండి.

నైజీరియాలోని లేగోస్ నగరంలో మధ్యతరగతి ఇల్లే అయినా, సైనిక పాలనలో డబ్బు విలువ పడిపోయి జీవితం తలకిందులైంది. కరెంటు, కుళాయి నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియని రోజులవి. 1996లో, పదహారేళ్ల వయసులో, జేబులో 100 పౌండ్లతో లండన్ చేరానని ఆమె చెబుతుంటారు. తల్లి స్నేహితురాలి ఇంట్లో ఉంటూ, మోర్డెన్‌లో కాలేజీకి వెళుతూ, మెక్‌డొనాల్డ్స్‌లో పార్ట్‌టైమ్ పనిచేశారు. ఆ ఉద్యోగంతో తాను శ్రామికవర్గంలో చేరిపోయానని 2024లో అన్నప్పుడు జనం బాగానే ఆటపట్టించారు. డాక్టరు గారమ్మాయి కదా మరి! ప్రభుత్వం అన్నింట్లో వేలు పెడితే దేశం ఏమవుతుందో కళ్లారా చూశానన్నది మాత్రం ఆమె రాజకీయానికి పునాది.

ససెక్స్ యూనివర్సిటీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివి, లాజికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో మొదలుపెట్టారు. తర్వాత బ్యాంకుల్లో పనిచేస్తూ లా డిగ్రీ కూడా పూర్తిచేశారు. 2008లో లేబర్ నాయకురాలు హ్యారియెట్ హార్మన్ వెబ్‌సైట్‌లోకి చొరబడి టోరీలను, అంటే కన్సర్వేటివ్‌లను పొగిడే రాతలు పెట్టానని పదేళ్ల తర్వాత తానే బయటపెట్టారు, క్షమాపణా చెప్పారు.

కన్సర్వేటివ్ పార్టీలో చేరింది 2005లో. 2010 ఎన్నికల్లో దక్షిణ లండన్‌లో మూడో స్థానం. 2015లో లండన్ అసెంబ్లీ, 2017లో ఎసెక్స్‌లోని సాఫ్రన్ వాల్డెన్ నుంచి పార్లమెంటు. ప్రధాని జాన్సన్ హయాంలో సహాయమంత్రి, ట్రస్, సునాక్ హయాంలో వాణిజ్య మంత్రి. 2024 జూలైలో పార్టీ 121 సీట్లకు పడిపోయి సునాక్ తప్పుకుంటానన్నాక పార్టీ నేత పదవికి అసలు పోటీ మొదలైంది. ఎంపీల చివరి రౌండ్‌లో కెమీకి 42, రాబర్ట్ జెన్రిక్‌కు 41, జేమ్స్ క్లెవర్లీకి 37 ఓట్లు. ముందు రౌండ్‌లో మొదటి స్థానంలో ఉన్న క్లెవర్లీయే ఇంటిదారి పట్టారు. సభ్యుల ఓటింగ్‌లో జెన్రిక్‌ను 53,806-41,388 తేడాతో ఓడించి, నవంబరు 2న బ్రిటన్‌లో ఒక ప్రధాన పార్టీకి తొలి నల్లజాతి నాయకురాలయ్యారు.

నైజీరియాతో లెక్క తేలలేదు. తమ దేశాన్ని కించపరుస్తున్నారని ఆ దేశ ఉపాధ్యక్షుడు కాషిమ్ షెట్టిమా 2024 డిసెంబరులో విసుక్కుంటూ, కావాలంటే కెమీ అన్న పేరూ తీసేసుకోమన్నారు. తాను యొరుబానని, నైజీరియా ఉత్తరాది వాళ్లతో తనకు సంబంధం లేదని ఆమె బదులిచ్చారు. మరుసటి ఏడాది, తనను తాను నైజీరియన్‌గా ఇప్పుడు భావించడం లేదని చెప్పేశారు.

2025 మేలో భారత్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరినప్పుడు ఆమె గట్టిగా ఎదురు తిరిగారు. భారత కంపెనీలు తాత్కాలికంగా పంపే ఉద్యోగులకు మూడేళ్లపాటు అక్కడి నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద కట్టే సామాజిక భద్రతా చందా) మినహాయింపు ఇవ్వడం ఆమెకు నచ్చలేదు. హైదరాబాద్ నుంచి ఆన్‌సైట్‌కు వెళ్లే ఐటీ ఉద్యోగికి జీతంలో తేడా తెచ్చే నిబంధన ఇది. మంత్రిగా తాను ఇలాంటి ఒప్పందానికి ఒప్పుకోలేదన్నారు. అమెరికా, జపాన్‌లతో బ్రిటన్‌కు ఇలాంటి ఏర్పాట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. గొడవ మాత్రం భారత్ పేరు రాగానే రేగింది.

ప్రతిపక్ష నేతకు బుధవారం ప్రధానిని ఆరు ప్రశ్నలు అడిగే హక్కుంది, చట్టం చేసే బలం లేదు. పైగా కుడివైపు నుంచి నైజెల్ ఫరాజ్ రిఫార్మ్ పార్టీ ఓట్లు లాక్కుపోతోంది. వలసలపై ఆమె స్వరం పెరగడానికి ఇది పెద్ద కారణమని నా అనుమానం. ఆ ఒత్తిడి ఆమె ఒక్కరికే కాదు. 2025 మేలో స్టార్మర్ లేబర్ ప్రభుత్వం విడుదల చేసిన వలసల శ్వేతపత్రంలోనూ స్థిరనివాసానికి సాధారణ గడువు పదేళ్లనే రాసి ఉంది.