సూదిమందు వెనుక నీలి నెత్తురు

హైదరాబాద్‌లో తయారైన టీకా కానివ్వండి, ఆసుపత్రిలో చేతికి ఎక్కించే సెలైన్ కానివ్వండి, బయటికొచ్చే ముందు ఒక పరీక్ష దాటాలి. అందులో ఎండోటాక్సిన్ ఉందా లేదా అన్నదే ఆ పరీక్ష. కొన్ని రకాల బాక్టీరియా చచ్చినా వాటి పైపొర ముక్కలు మిగిలిపోతాయి; ఎండోటాక్సిన్ అంటే అవే. నీళ్లు మరిగించినా అవి పోవు. నేరుగా రక్తంలో కలిస్తే చలిజ్వరం వస్తుంది, మోతాదు పెరిగితే ప్రాణమే పోవచ్చు.

మొదట ఈ భారం మోసినవి కుందేళ్లు. సూదిమందు తర్వాత వచ్చే జ్వరానికి కారణం నీళ్లలోని బాక్టీరియా మలినాలేనని 1920లలో అమెరికన్ శాస్త్రవేత్త ఫ్లారెన్స్ సీబర్ట్ తేల్చారు. మందును కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, కదలకుండా కట్టి ఉంచి, గంటల తరబడి ఒళ్లు కాలుతోందేమో చూసేవారు. 1942లో అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం దీన్ని అధికారిక పరీక్షగా చేర్చుకుంది.

కుందేళ్లను విడిపించడానికి మరో ప్రాణి దొరికింది. గుర్రపు డెక్క ఆకారంలో ఉండే హార్స్‌షూ క్రాబ్‌ను మనం పీత అంటున్నాం గానీ, అది నిజానికి తేళ్లకూ సాలీళ్లకూ దగ్గరి చుట్టం. దాని వంశం వయసు 40 కోట్ల ఏళ్లకు పైమాటే. దాని నెత్తుట్లో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, అందుకే గాలి తగిలితే నీలంగా మారుతుంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధనాలయంలో ఫ్రెడరిక్ బ్యాంగ్ ఒకసారి వీటికి బాక్టీరియా ఎక్కించి చూస్తే, ఒంట్లో నెత్తురు పెరుగులా తోడుకుంది. ఆ సంగతి 1956లో ప్రచురించారు. తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి, ఎండోటాక్సిన్ తగలగానే రక్తకణాలు గడ్డకట్టే ఆ గుణాన్నే సీసాలో జరిగే పరీక్షగా మలిచారు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని ఆమోదించింది. చుట్టూ బురదలో సూక్ష్మజీవులు ముసిరి ఉంటే ప్రాణం కాపాడుకోవడానికి ఆ జీవి తెచ్చుకున్న రక్షణ అది. మనకు పనికొచ్చిందీ అదే.

అమెరికా తూర్పు తీరంలో వీటిని పట్టి, వరసగా బిగించి, గుండె దగ్గరి కీలులో సూది గుచ్చి, సుమారు మూడో వంతు రక్తం సీసాల్లోకి వదులుతారు. తర్వాత చాలావాటిని సముద్రంలో వదిలేస్తారు. వీటిలో 15 శాతం చనిపోతాయని నియంత్రణ అధికారుల అంచనా. కొన్ని అధ్యయనాల్లో ఆ లెక్క 30 శాతం దాకా వెళ్లింది. బతికిన ఆడవి కూడా నీరసించి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు తక్కువగా వస్తాయట. 2021లో ఇలా పట్టినవి 7 లక్షలు దాటాయి. పదేళ్లు పెరిగితే గాని పిల్లల్ని కనలేని జీవికి ఇది చిన్న దెబ్బ కాదు.

నిజమే, నెత్తురు పిండడం మొదలయ్యే నాటికే దాని కష్టాలు పాతబడ్డాయి. 19వ శతాబ్దంలో పొలాల ఎరువుకని లక్షల్లో ఊడ్చేశారు. ఆ తర్వాత 1990లలో ఎరగా కూడా కోసి వాడారు. మే, జూన్ నెలల్లో పౌర్ణమి, అమావాస్య పోట్లకు అమెరికా తూర్పు తీరంలోని డెలావేర్ అఖాతం ఒడ్డుకొచ్చి అవి పెట్టే గుడ్ల మీదే రెడ్ నాట్ అనే వలస పిట్ట ఆధారపడుతుంది. దక్షిణ అమెరికా కొస నుంచి ఆర్కిటిక్ దాకా ఎగిరే ఆ పిట్టకు మధ్యలో దొరికే తిండి అదే. 1980లలో ఆ తీరంలో 90 వేలకు పైగా లెక్కకొచ్చిన పిట్టలు 2021లో 7 వేలు కూడా కనిపించలేదు.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. రక్తం అక్కర్లేని దారి ఎప్పుడో దొరికింది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో డింగ్ జీక్ లింగ్, హో బో దంపతులు గడ్డకట్టించే ఆ ఎంజైమ్ జన్యువును 1990లలోనే వేరుచేసి, ప్రయోగశాల కణాల్లో పెంచగలిగారు. 2003కల్లా ఆ ఎంజైమ్‌తో చేసే పరీక్ష మార్కెట్లోకొచ్చింది. ఎలి లిల్లీ కంపెనీ తన మైగ్రేన్ మందుకు ఈ పరీక్షే వాడి 2018లో అమెరికా అనుమతి పొందింది. ఐరోపా ప్రమాణ గ్రంథం 2021 నుంచి దీన్ని ఒప్పుకుంది. అమెరికా గ్రంథం మాత్రం 2020లో వెనకడుగు వేసి, 2024లో సరేనంది. కొత్త నిబంధన 2025 మేలో అమల్లోకి వచ్చింది.

అదీ తప్పనిసరి కాదు. పాత మందుల పరీక్ష మార్చాలంటే కంపెనీలు మళ్లీ రుజువులు సమర్పించాలి, ఖర్చు పెట్టాలి. అందుకే కొత్త మందుల దగ్గర కొందరు మారుతున్నా, పాత మందుల కోసం పడవలు తీరానికి వెళ్తూనే ఉన్నాయి.