ఖర్జూరం లడ్డూ: అపోహలు – వాస్తవాలు

పాకం పట్టక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు, గంటలో పని అయిపోతుంది. అందుకే పిల్లల స్నాక్స్ డబ్బాల్లోకీ జిమ్ బ్యాగుల్లోకీ ఖర్జూరం లడ్డూ వచ్చేసింది. దాని చుట్టూ అపోహలూ పేరుకున్నాయి.

ముందు కొలత. కింద చెప్పే లెక్కలన్నీ దీని మీదే: గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 250 గ్రాములు, బాదం 80, జీడిపప్పు 60, గుమ్మడి గింజలు 30, పొట్టు తీయని నువ్వులు 30 గ్రాములు, నెయ్యి రెండు టీస్పూన్లు, ఏలకుల పొడి అర టీస్పూను, చిటికెడు ఉప్పు. ఒక్కోటి 25 గ్రాముల చొప్పున 18 లడ్డూలు వస్తాయి. ఉప్పు మానేయకండి. అది లేకపోతే తీపి నాలుక మీద మొద్దుగా ఉంటుంది.

అపోహ: చక్కెర వెయ్యలేదు కదా, షుగర్ ఉన్నవాళ్లు ఎన్నయినా తినొచ్చు.

ఖర్జూరం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. పావుకిలోలో సుమారు 160 గ్రాములు. అంటే ఒక్కో లడ్డూలో దాదాపు 9 గ్రాములు, రెండు టీస్పూన్ల చక్కెరతో సమానం. పీచు, పప్పుల్లోని నూనె వల్ల అది రక్తంలోకి కాస్త నెమ్మదిగా చేరుతుంది, అంతేగానీ మాయమైపోదు. ఒక్కోటి 110 క్యాలరీల దాకా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ల కోసం చేస్తుంటే 15 గ్రాముల చిన్న ఉండలు కట్టండి, రోజుకి ఎన్ని తినొచ్చో వాళ్ల డాక్టరునే అడగండి. ఖర్జూరం బదులు బెల్లమో తేనో వేసినా లెక్క మారదు, అవీ చక్కెరలే.

అపోహ: ఒంటికి రక్తం పట్టాలంటే ఖర్జూరమే.

100 గ్రాముల ఖర్జూరంలో ఐరన్ 1 మిల్లీగ్రాము అటూ ఇటూ ఉంటుంది. పై కొలతలో పావుకిలో ఖర్జూరం ఇచ్చేదానికన్నా 30 గ్రాముల నువ్వులు ఇచ్చే ఐరనే ఎక్కువ. నువ్వులు ‘వేడి’ అని తీసేసి ఖర్జూరం పెంచేవాళ్లు అసలు సరుకునే వదులుకుంటున్నారు. లడ్డూతో పాటు ఒక జామకాయో కమలాపండో తింటే అందులోని విటమిన్ సి వల్ల ఐరన్ బాగా వంటపడుతుంది. టీ, కాఫీలకు మాత్రం గంట ఎడం ఇవ్వండి. రక్తహీనతకు డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటున్నవాళ్లు ఈ లడ్డూల ధైర్యంతో వాటిని ఆపకూడదు.

అపోహ: వేయిస్తే పోషకాలు పోతాయి, పప్పులు పచ్చివే వెయ్యాలి.

సన్న సెగ మీద వేయిస్తే పోయేది ప్రధానంగా తేమ. పోవాల్సిందీ అదే. పచ్చి పప్పుతో చేసిన లడ్డూ రెండో రోజుకే మెత్తబడి చప్పిడిగా తగులుతుంది.

అన్నీ ఒకేసారి మూకుట్లో పోయకండి. బాదం లోపల వేగేసరికి నువ్వులు మాడి చేదెక్కుతాయి. బాదం 7–8 నిమిషాలు. ఒకటి విరిచి చూస్తే లోపల తెలుపు పోయి లేత గోధుమ రంగు కనపడాలి. జీడిపప్పు 3–4 నిమిషాలు. గుమ్మడి గింజలు ఉబ్బి టప్‌మనే దాకా. నువ్వులు ఆఖర్న, చిటపటలు మొదలవగానే దించెయ్యాలి. నల్ల నువ్వులైతే రంగు తెలియదు, చెవినే నమ్ముకోవాలి.

తర్వాత వెడల్పాటి పళ్లెంలో ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. వేడి మీద మిక్సీలో వేస్తే నూనె వదులుతుంది. జార్ గోడకు జిడ్డు అంటుకుని, బ్లేడు కింద పొడి ముద్ద కట్టిందంటే అది ఇక పొడి కాదు, పప్పు వెన్న. చల్లారాక కూడా ఒక్క క్షణం తిప్పి ఆపుతూ రవ్వలా పలుకుగా పట్టాలి. నువ్వులు మాత్రం మిక్సీలో వెయ్యకుండా అలాగే కలపండి. జిడ్డు వదిలేస్తే పారెయ్యనక్కర్లేదు, వేయించిన ఓట్స్ పొడి రెండు మూడు చెంచాలు కలిపితే సర్దుకుంటుంది.

నానబెట్టిన బాదం సంగతీ ఇంతే. పొద్దున్నే ఒలుచుకు తినడానికి భేషుగ్గా ఉంటుంది. లడ్డూలోకి మాత్రం వద్దు, ఆ తడికి బూజు పడుతుంది.

అపోహ: ఉండ కట్టకపోతే కాసిని నీళ్లో పాలో చిలకరిస్తే సరి.

అన్నిట్లోకీ ఎక్కువ లడ్డూలను పాడుచేసేది ఇదే. ఖర్జూరంలోని చక్కెర దాని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టే బూజుకి నీరు దొరకదు. పైనుంచి రెండు చెంచాల నీళ్లు పోస్తే ఆ కట్టు తెగిపోతుంది. పాలు ఇంకా ప్రమాదం, పుల్లబడతాయి.

ఉండ విరిగిపోతోందంటే ఖర్జూరం ఎండిపోయి ఉండాలి, పప్పుల పొడి ఎక్కువై ఉండాలి, లేదా ముద్ద పూర్తిగా చల్లారిపోయి ఉండాలి. మూడింటికీ మందు వేడే. మందపాటి మూకుట్లో నెయ్యి వేసి, తరిగిన ఖర్జూరాన్ని సన్న సెగ మీద గరిటె వెనక భాగంతో అదుముతూ 3–4 నిమిషాలు తిప్పండి. ముందు ముక్కలు ముక్కలుగా ఉన్నది మెల్లగా కలిసిపోయి, అంచులు వదిలి, చపాతీ పిండిలా ఒకే ముద్దగా గరిటె వెంట తిరుగుతుంది. ఆ క్షణాన దించెయ్యాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే చల్లారాక టాఫీలా పళ్లకు అతుక్కుంటుంది.

చెయ్యి పట్టే వేడిలో పొడి, నువ్వులు కలిపి పిడికిట్లో నొక్కి చూడండి. వేళ్ల గుర్తులు పడి అలాగే నిలిస్తే సరిపోయినట్టు. రాలుతుంటే ఇంకో మూడు నాలుగు ఖర్జూరాలు వేడి చేసి కలపండి. మరీ జిగురుగా ఉంటే పప్పుల పొడి.

గట్టిగా, ముడతలుపడి ఉండే ఎండు ఖర్జూరం దీనికి పనికిరాదు. పెట్టెల్లో వచ్చే నల్లటి మజాఫతి రకంలో తేమ ఎక్కువ. దాంతో చేసినవి మొదటిరోజు నుంచే ఫ్రిజ్‌లో ఉండాలి.

అపోహ: ‘సీడ్‌లెస్’ ప్యాకెట్టు అయితే నేరుగా వేసెయ్యొచ్చు.

ఒక్కోటీ విప్పి చూడాల్సిందే. గింజ ముక్కలు మిగిలి ఉంటాయి, పురుగు ఉండొచ్చు. లోపల నల్లటి మసిలాంటి పొడి కనపడితే అది బూజు, ఆ కాయ పారెయ్యండి.

అపోహ: ఖరీదైన పప్పులు వేస్తేనే బలం.

100 గ్రాముల వేరుశనగపప్పులో ప్రొటీన్ 25 గ్రాముల దాకా ఉంటుంది, బాదంలో 21. సగం బాదం తీసి పల్లీలు వేస్తే రుచికీ లోటుండదు. జీడిపప్పు ఎటూ పొడే కాబట్టి పలాస గుండు కొననక్కర్లేదు, ముక్క చాలు. పల్లీల్లో మాత్రం ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన ఉన్నవి ఏరేయండి. అలాంటివాటిలో ఉండే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం వేయిస్తే పూర్తిగా పోదు.

‘ప్రొటీన్ లడ్డూ’ అనే పేరు కూడా పెద్దదే. ఒక్కోదాంట్లో ప్రొటీన్ మూడు గ్రాముల లోపే, కోడిగుడ్డులో 6 గ్రాములు.

అపోహ: నెలల తరబడి నిల్వ ఉంటాయి.

పొడి చేత్తో కట్టి, గాలి చొరని స్టీలు డబ్బాలో పెడితే చలికాలం పది రోజులు, కోస్తా ఉక్కపోతలో వారం, ఫ్రిజ్‌లో నెల. అక్రోట్లు, అవిసె పొడి వేస్తే నూనె త్వరగా కనరెక్కుతుంది. అవి ఫ్రిజ్‌లోనే పెట్టి, రెండు వారాల్లో ముగించండి.

అపోహ: సహజమైనవే కదా, పసిపిల్లలకీ పెట్టొచ్చు.

ఏడాది లోపు పిల్లలకు తేనె కలిపినది ఏదీ పెట్టకూడదు, బొటులిజం అనే తీవ్రమైన విషజబ్బు ప్రమాదం. ఐదేళ్ల లోపు పిల్లలకు పలుకులు గొంతుకి అడ్డం పడొచ్చు, వాళ్ల వాటా పప్పుల్ని మెత్తగా పొడి కొట్టి, నువ్వులూ నూరి, చిన్న ముక్కలుగా తుంచి, పక్కన కూర్చుని తినిపించండి. కొత్త పప్పు ఏదైనా మొదటిసారి విడిగా, కొంచెమే పెట్టి చూడండి. ఎలర్జీ ఉంటే దేనివల్లో తెలుస్తుంది. తిన్నాక నోరు పుక్కిలించడం మర్చిపోనివ్వకండి, ఈ జిగురు పళ్ల సందుల్లో గంటలకొద్దీ ఉండిపోతుంది.