కప్పు అడుగున పదును

"మామయ్యా, రాయికి రుద్దితే కత్తి అరిగిపోవాలి కదా, మరి పదును ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు మా మేనల్లుడు. బెంగళూరులో పొద్దున్నే బయల్దేరి రామనగర కొండల కింద చాపేసుకు కూర్చున్నాం, నా చేతిలో కత్తి టమాటాను కోయడం మానేసి పిసుకుతోంది. వాడు ఊరుకోకుండా దాన్ని పక్కనున్న బండకేసి బరబరా రుద్దాడు. రామనగర పాత పేరు క్లోజ్‌పేట. అక్కడి గ్రానైట్‌కి ఆ పేరే నిలిచిపోయింది, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అందులోని క్వార్ట్జ్ అనే ఖనిజం కత్తి ఉక్కు కన్నా గట్టిదే. కానీ ఆ పలుకులు కంటికి కనిపించేంత పెద్దవి, అవి అంచును అరగదీయవు, కొరుకుతాయి.

సన్నటి పలుకులు మా టీ కప్పు కిందే ఉన్నాయి. పింగాణీ కప్పు బోర్లిస్తే నున్నటి పూత లేని గరుకు వలయం ఒకటి కనిపిస్తుంది, సాన రాయి అదే. వజ్రపు పలుకులు అతికించిన డైమండ్ ప్లేటు జేబులో ఉంటే పని ఇంకా తొందరగా అవుతుంది. 600 గ్రిట్ అంటే పలుకు సుమారు 25 మైక్రాన్లు, వెంట్రుక మందంలో మూడో వంతు. కత్తికీ సానకీ మధ్య కోణం 15 నుంచి 20 డిగ్రీలు, అంటే 4 సెంటీమీటర్ల వెడల్పు కత్తికి వెన్ను ఒక సెంటీమీటరు పైచిలుకు లేపాలి.

అసలు మజా ఇక్కడుంది. ఒకవైపే రుద్దుతూ పోతే అంచు దగ్గర ఉక్కు పల్చబడి, పలుకుల తాకిడికి నిలవలేక అవతలి వైపుకి మడత పడుతుంది. దీన్ని నేను తీగ అంటాను. ఆ అవతలి వైపున వెన్ను నుంచి అంచు దాటేలా బొటనవేలు అడ్డంగా జరిపితే గరుగ్గా తగులుతుంది (అంచు పొడవునా మాత్రం జరపకండి). మొన నుంచి పిడి దాకా అది తగిలిందంటే రుద్దిన వైపు పని అయినట్టే, తగలని చోట అరుగుదల ఇంకా అంచు దాకా చేరలేదు. అప్పుడు తిప్పి రెండోవైపు.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. తీగతో ఉన్న కత్తి కాగితాన్ని బ్రహ్మాండంగా కోస్తుంది, రెండో టమాటాకే వాలిపోయి మళ్లీ మొద్దు. బిల్డింగ్ పనిలో కటింగ్ ప్లేయర్ లేనప్పుడు బైండింగ్ వైరుని ఎలా తెంపుతారో చూశారా? లాగరు, అటూ ఇటూ వంచుతారు, వంచిన చోట లోహం అలసి, పగులు పుట్టి, పుటుక్కుమంటుంది. కత్తికీ అదే వైద్యం. ఒకవైపు ఒక్క రుద్దు, మరోవైపు ఒక్కటి, ప్రతిసారీ బలం తగ్గిస్తూ. గట్టిగా నొక్కితే పాత తీగ తెగినచోటే కొత్తది లేస్తుంది. చివర్న తోలు బెల్టు వెనకవైపు మీద, వెన్ను ముందు, అంచు వెనక ఉండేలా, పదిసార్లు లాగాలి.

లెక్క చూడండి. 20 మైక్రాన్ల మందం అంచుని ఒక సెంటీమీటరు పొడవున వంద గ్రాముల బరువుతో నొక్కితే టమాటా తొక్క మీద ఒత్తిడి గాలి ఒత్తిడికి సుమారు 50 రెట్లు. అంచు 1 మైక్రాన్ అయితే అదే చేత్తో వెయ్యి రెట్లు!

కత్తిని చేతి నుంచి చేతికి అందించకూడదు, గొడవలొస్తాయి అంటుంది మా అక్క. గొడవల సంగతేమో గానీ, తీగ తీసేసిన కత్తి విషయంలో ఆవిడ మాటే వింటాను, కింద పెట్టి తీసుకోమన్నాను.

వాడు కత్తి తీసుకోలేదు, కప్పు తీసి చూశాడు. తెల్లటి వలయం మీద నల్లటి మరకలు. "అరిగింది ఇదే" అన్నాను. కడిగొచ్చి మళ్లీ టీ పోయమన్నాడు.