ఆఫ్రికాకు మనం ఊరికే పంచిపెడుతున్నామా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో బియ్యం ఎగుమతుల కాగితాలు చూస్తుంటాను. షిప్పింగ్ బిల్లు, ఫైటో సర్టిఫికెట్, ఫ్యూమిగేషన్... ఇదే నా లోకం. మిల్లుల దగ్గర టీ తాగుతూ అందరూ అడిగే ప్రశ్నలకు ఒకేసారి జవాబు రాసేస్తున్నా.

అపోహ: "ఏందన్నా, మన డబ్బంతా ఆఫ్రికాకు దానం చేస్తన్నారంట!"

వాస్తవం: అందులో ఎక్కువ భాగం అప్పే. లైన్ ఆఫ్ క్రెడిట్ అంటారు. కేంద్రం తరఫున ఎగ్జిమ్ బ్యాంక్ (ఎగుమతి, దిగుమతుల కోసం ఉన్న ప్రభుత్వ బ్యాంకు) ఇస్తుంది. పని చేసిన మన కంపెనీకే నేరుగా చెల్లిస్తుంది. సరుకులు, సేవల్లో మామూలుగా 75 శాతం మన దేశానివే అయ్యుండాలి. టాంజానియాలో విక్టోరియా సరస్సు నీళ్లను తబోరా దాకా తెచ్చిన పథకానికి ఇట్లాగే దాదాపు 26.8 కోట్ల డాలర్లు ఇచ్చాం. 2015లో ఆఫ్రికా దేశాలతో జరిగిన ఢిల్లీ సదస్సులో ప్రకటించింది 1,000 కోట్ల డాలర్ల అప్పు, 60 కోట్ల గ్రాంటు. దానమెంతో మీరే లెక్కేసుకోండి.

అపోహ: చైనా ముందు మనమెంత?

వాస్తవం: డబ్బులో అయితే నిజమే. అదే ఏడాది వాళ్లు 6,000 కోట్ల డాలర్లు ప్రకటించారు. మనది చదువు చెప్పే దారి: 1964 నుంచి ఐటెక్ పేరుతో వేరే దేశాలవాళ్లకు శిక్షణ, 2023లో టాంజానియాలోని జాంజిబార్‌లో మద్రాస్ ఐఐటీ క్యాంపస్.

అపోహ: విదేశాంగ విధానం ఢిల్లీ సంగతి, మన బస్తాకేం సంబంధం?

వాస్తవం: 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపేశారు. మనకు నూకలంటే కోళ్ల దాణా. సెనెగల్‌లో ఇంటిల్లిపాదీ తినే అన్నం. 2023 జూలై 20న పచ్చి బియ్యం కూడా ఆగిపోయింది. ఆ రోజుకు నేను కాగితాలు చూసే ఎగుమతిదారు గోదాములో, ఆఫ్రికా కొనుగోలుదారు కోసం ఫ్రెంచి అక్షరాలు అచ్చేసిన సంచులు నిండి, కుట్టేసి ఉన్నాయి. ఆ సంచుల్ని ఇక్కడ ఎవరు కొంటారు? కుట్లు విప్పి బియ్యం వేరే గోతాల్లో పోయించాం. అవతలి కొనుగోలుదారు ఫోన్లో, "మమ్మల్ని మిత్రులంటారు కదా?" అన్నాడు. నేనేం చెప్పను?

రెండు నెలలకు ఆఫ్రికా యూనియన్‌ను జీ20లో చేర్పించిందీ మనమే. ఆ తర్వాత అడిగిన ప్రభుత్వాలకు కోటాలిచ్చారు, కామెరూన్‌కు 1,90,000 టన్నులు. పంపింది మాత్రం కేంద్రం చెప్పిన సహకార సంస్థే, మాలాంటోళ్లకు అప్పుడు దారి లేకపోయింది. 2024 సెప్టెంబరులో పచ్చి బియ్యం మీద నిషేధం ఎత్తేసేసరికి మా కొనుగోలుదారు వియత్నాం వైపు తిరిగిపోయాడు.

ఆ ఫ్రెంచి సంచులు ఓ కట్ట ఇంకా గోదాము మూలనే ఉన్నాయి. తుపాను వానలకు తలుపు కింద తడి రాకుండా పరుస్తున్నాం.