ఎక్సర్‌సైజ్, మూడ్: క్లాసులో నాకు ఎదురైన అపోహలు

ఈ టాపిక్ మొదలెట్టినప్పుడు నేను బోర్డు మీద ఏమీ రాయను. తలా ఒక చీటీ ఇచ్చి, ఇప్పుడు మూడ్ ఎలా ఉందో 1 నుంచి 10 లోపు మార్కు వేసుకోమంటా, పేరు రాయొద్దంటా, తర్వాత గ్రౌండ్‌లో 10 నిమిషాలు చకచకా నడిపించి మళ్లీ వేయమంటా.

అపోహ: ఎక్సర్‌సైజ్ చేశాక మూడ్ బాగవడం అంతా ఎండార్ఫిన్ల (ఒంట్లోనే తయారయ్యే, నొప్పి తగ్గించే రసాయనాల) మహిమే.
దీన్ని ఊరంతా పాకించింది మేం టీచర్లమే అనుకుంటా. రక్తంలో పెరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి అంత తేలిగ్గా వెళ్లలేవు, మధ్యలో కాపలా గోడలాంటి బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్ ఉంటుంది. మెదడు సొంతంగా తయారుచేసుకునేవి పనిచేస్తుండొచ్చు, అది వేరే సంగతి. ఎండోకానబినాయిడ్లని ఒంట్లోనే తయారయ్యే ఇంకో రకం రసాయనాలు ఉన్నాయి, అవి కొవ్వులో కరుగుతాయి కాబట్టి ఆ గోడ దాటేస్తాయి, ఎక్సర్‌సైజ్ చేస్తే రక్తంలో పెరుగుతాయి కూడా.

అపోహ: ఎంత ఆయాసపడితే అంత హ్యాపీ.
అస్సలు కాదు. ఓసారి నడక బదులు గట్టిగా పరిగెత్తించా, ఒక పిల్లాడి చీటీలో 6 కాస్తా 3 అయింది, ముఖం కందగడ్డలా ఉంది, సరే కాసేపు కూర్చోమని 10 నిమిషాలాగి అడిగితే 7 వేశాడు. మాట్లాడలేనంత ఆయాసం వచ్చే స్పీడు దాటితే చేస్తున్నంతసేపూ చాలామందికి చిరాగ్గానే ఉంటుంది, ఆపాక తేలికవుతుంది. అందుకే మార్కు ఎప్పుడు అడిగామన్నది చాలా ముఖ్యం.

అపోహ: నడిచాక మార్కు పెరిగింది కాబట్టి నడకే మూడ్ పెంచిందని ప్రూవ్ అయిపోయినట్టే.
"సార్, ఇది నడక వల్లా, మీ క్లాస్ తప్పినందుకా?" అని వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది. అసలు సైన్స్ అంటే అదే కదా! తర్వాతి వారం లాటరీలా చీట్లు తీసి సగం మందిని నడిపించి, మిగతా సగాన్ని అదే గ్రౌండ్‌లో కూర్చుని కబుర్లు చెప్పుకోమన్నా. కూర్చున్నోళ్ల మార్కులూ పెరిగాయి, కాకపోతే కొంచెం తక్కువ. ఒక్క క్లాసుతో తేలేది కాదని అప్పుడు వాళ్లకే అర్థమైంది.

అపోహ: డిప్రెషన్‌కి నాలుగు రౌండ్లు పరిగెడితే చాలు.
ఎక్సర్‌సైజ్ సాయం చేస్తుంది, నిజమే. కానీ డాక్టరు ఇచ్చిన మందులు మానేసి షూ వేసుకోమని చెప్పే హక్కు మనకి లేదు. రోజుల తరబడి దిగులుగా ఉన్న పిల్లలకి కావాల్సింది కౌన్సెలర్.

ఇంకోటి, లేటుగా వచ్చినోళ్లకి పనిష్మెంట్‌గా రౌండ్లు కొట్టించడం. మొదట్లో నేనూ చేశా. తర్వాత ఆటల పీరియడ్‌లో ఆ పిల్లలే కడుపునొప్పని పక్కన కూర్చుంటుంటే మానేశా.