కోళ్లకు పెట్టిన మందు, ఇంట్లోవాళ్ల కడుపులో

1970ల మధ్యలో అమెరికాలో, బోస్టన్‌కు దగ్గర్లోని ఒక రైతు కుటుంబం 300 కోడిపిల్లలను పెంచడం మొదలుపెట్టింది. సగం పిల్లలకు మామూలు దాణా, మిగతా సగానికి టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మందు కలిపిన దాణా. వారం వారం కోళ్ల రెట్టతో పాటు ఇంట్లోవాళ్ల మలం, ఇరుగుపొరుగువాళ్ల మలం కూడా డబ్బాల్లో పెట్టి టఫ్ట్స్ యూనివర్సిటీలో స్టువర్ట్ లెవీ అనే మైక్రోబయాలజిస్టు ల్యాబ్‌కు పంపేవారు.

వారం తిరిగేసరికి మందు దాణా తిన్న కోళ్ల పేగుల్లో దాదాపు అన్నీ టెట్రాసైక్లిన్‌కు లొంగని బాక్టీరియాయే. అది అనుకున్నదే. ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. 5, 6 నెలలకు ఇంట్లోవాళ్ల నమూనాల్లో 31.3 శాతం ఎలా ఉన్నాయంటే, వాటిలోని ప్రతి 100 బాక్టీరియాలో 80కి పైగా మొండివే. పొరుగువాళ్ల నమూనాల్లో అలాంటివి 6.8 శాతమే. మందు పెట్టింది కోళ్లకు, మారింది మనుషుల కడుపు.

1976లో అచ్చయిన ఈ పరిశోధన గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ పొరుగువాళ్లే గుర్తొస్తారు. వాళ్ల నమూనాలు కూడా తీసుకోకపోయి ఉంటే, ఆ మార్పు కోళ్ల వల్లే వచ్చిందని ఎవరూ గట్టిగా చెప్పగలిగేవారు కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పనికి డబ్బిచ్చింది పశువుల మందుల కంపెనీల సంఘమే. ఫలితం వాళ్లకు నచ్చేది కాదు. అయినా లెవీ ఉన్నది ఉన్నట్టు రాశారు.

ఆయనకు ఈ ఆలోచన జపాన్‌లో మొదలైంది. 1950లలో అక్కడ జిగట విరేచనాల బాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయింది. ఒక బాక్టీరియా తన దగ్గరున్న చిన్న డీఎన్ఏ ముక్కను పక్కదానికి అందిస్తుంది, మందును తట్టుకునే శక్తి అందులోనే ఉంటుంది. ఆ ముక్కనే ఇప్పుడు ప్లాస్మిడ్ అంటున్నాం. దీని మీద పనిచేసిన త్సుతోము వతనాబే ల్యాబ్‌లో లెవీ చదువుకునే రోజుల్లో కొంతకాలం ఉన్నారు. పక్కదానికి ఇవ్వడమంటే తన జాతి దానికే అని కాదు. వేరే జాతి బాక్టీరియాకూ ఇవ్వగలదు. కోడి పేగుల్లో పుట్టిన మొండితనం మనిషికి జబ్బు తెచ్చే బాక్టీరియాకు చేరవచ్చన్న భయం అందుకే.

టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. లెడర్లీ కంపెనీలో బెంజమిన్ దుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆ మందు సంగతి 1948లో లోకానికి తెలిసింది. అప్పుడు అక్కడ పరిశోధనలకు డైరెక్టరు మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోళ్లకు పెడితే అవి త్వరగా బరువు పెరుగుతున్నాయని కనిపెట్టింది కూడా లెడర్లీలోనే. ఎన్నో ప్రాణాలు కాపాడిన మందు దాణా సంచుల్లోకి వెళ్లింది అలాగే.

ఇంతకూ బాక్టీరియా ఈ మందును ఎలా తట్టుకుంటుంది? మందును ముక్కలు చేసి పారేస్తుందేమో అనుకోవచ్చు. లెవీ, ఆయన ల్యాబ్‌లో పనిచేసిన లారా మెక్‌మరీ, మరొకరు కలిసి 1980లో చూపించింది వేరు. కణం పొరలో ఒక ప్రొటీన్ ఉంటుంది. పడవలోకి వచ్చిన నీళ్లను తోడిపోసినట్టు, లోపలికొచ్చిన టెట్రాసైక్లిన్‌ను అది ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంది. మందు చెడిపోదు, కానీ పనిచేయాల్సినంత మోతాదు లోపల నిలవదు. ఈ తోడివేతకు చిక్కని మందు కోసం లెవీ తర్వాత ఒక కంపెనీ పెట్టడంలో భాగమయ్యారు. అక్కడ తయారైన ఒమాడాసైక్లిన్‌కు అమెరికాలో అనుమతి 2018లో వచ్చింది.

దాణా సంగతి మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. బరువు కోసం యాంటీబయోటిక్స్ వాడడాన్ని యూరప్ 2006లో ఆపింది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా ఆ పని చేసింది 2017లో. అంటే లెవీ ఫలితాలు అచ్చయిన 41 ఏళ్లకు! ఇంత ఆలస్యం నాకు బాధగానే ఉంటుంది. ఎందుకంటే ఆ పొలం ఇంకో సంగతి కూడా చెప్పింది. మందు దాణా ఆపేసిన ఆరు నెలలకు పరీక్షించిన పది మందిలో ఎనిమిది మంది కడుపులో ఆ మొండి బాక్టీరియా కనిపించలేదు.

లెవీ 2019 సెప్టెంబరులో కన్నుమూశారు. అంతకు రెండు నెలల ముందే మన దేశం, వేరే మందులేవీ పనిచేయనప్పుడు ఆసుపత్రుల్లో వాడే కోలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు వాడకుండా నిషేధించింది. ఆ ఉత్తర్వు కోళ్లఫారాలతో పాటు చేపల, రొయ్యల చెరువులకూ వర్తిస్తుంది. సుబ్బారావు పుట్టిన భీమవరం చుట్టూ ఇప్పుడున్నవి ఆ చెరువులే.